ఇత్తనం చేపలు

కామారెడ్డిలో బస్సు తప్పిపోయి ఎల్లారెడ్డికి షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న అవ్వ కాళ్ల మధ్య బకెట్, దాని మీద తడి గోనెసంచి. కింద పరక చేపలు కదులుతున్నాయి. గోదావరి పక్క పుట్టినవాణ్ణి, నోరూరింది. అమ్ముతావా అని అడిగాను.

"అమ్మేటియి గావు బిడ్డా. ఇత్తనం చేపలు."

వాళ్ల ఊరి కుంటలోకి చుట్టూ ఉన్న మిట్టల నుంచి వాననీరు దిగుతుందట గానీ, బయటికి పోయే దారి లేదట. ఏ వాగూ దాన్ని తాకదు కాబట్టి కొత్త చేప రాదు. అందుకే ఎండాకాలం కుంట అడుగంటకముందే కొన్నిటిని పట్టి బావిలో దాస్తారు. వానలు పడ్డాక తిరిగి కుంటలో వదులుతారు. మా వైపు ఆ బెంగ లేదు, ఏటా వరదే చేపల్ని తెస్తుంది.

"ఈ యేడు బాయి గూడ ఎండింది. సుట్టూత బోర్లేసిండ్రు. ఎల్లారెడ్డి దిక్కు మా బిడ్డ ఊర్ల నీళ్లున్నయ్. ఆడ ఇడుస్త."

ఎండ మండుతోంది. ఆమె మాటిమాటికీ బకెట్‌లో చేయి పెట్టి చూసుకుంటోంది. నా సీసాలో నీళ్లు పోయబోతే అడ్డుకుంది.

"మందు కలిపిన నీళ్లు బిడ్డా, అండ్ల బతకయి."

ఎల్లారెడ్డి దగ్గరపడేసరికి చేయి పెట్టడం మానేసింది.

దిగాక గోనె తీసింది. ఒక్కటీ కదల్లేదు. నీళ్లు వంపేసి, చేపలన్నిటినీ ఆ గోనెలోనే చుట్టి నా చేతిలో పెట్టింది.

"అడిగినవ్ గద బిడ్డా. తీస్కపో, వండుకో."