టార్పాలిన్ కప్పని ఇసుక గుంత

ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోన్ని. అయినా మా ఉప్పుగూడ బస్తీల సైంటిస్టునని చెప్పుకుంట తిరిగేటోన్ని. ఉత్త కోతలేం కావు. మందుపాతరలు పట్టే రాడార్‌ను పరీక్షించే కాడ గుంతలు తవ్వుడు నా కొలువు. మందు లేని ప్లాస్టిక్ డబ్బాలను ఇసుకల పాతిపెట్టి, పైన చదును చేసేటోన్ని. ఇంజనీరు మేడం చక్రాల బండి మీద మిషన్‌ను నెట్టుకుంట పోతే, అది నేలలకు తరంగాలు పంపేది. డబ్బాకు తాకి తిరిగొచ్చినవి తెర మీద ఒంగిన మీసం లెక్క కనపడేటివి.

"మీసం దొరికింది మేడం, ఇగ మనిషిని వెతకాలె" అంటే నవ్వేది.

తడి మట్టి తరంగాలను మింగుతదట. అందుకే మబ్బు పట్టిందంటే చాలు, గుంత మీద టార్పాలిన్ కప్పాలె. అది మా పద్ధతి.

మిషన్‌ను చూడనీకి ఫౌజు అఫ్సర్లు వచ్చే దినం పొద్దుగాల్నే వాన మొదలైంది. నన్ను పనికి పెట్టిన కాంట్రాక్టరు ఉరికొచ్చిండు. "కప్పు భాయ్, జల్ది."

నేను టార్పాలిన్‌ను చుట్టి దాని మీదనే కూసున్న.

"ఏంది, పానం మంచిగ లేదా?"

"మస్తుగుంది అన్నా. సరిహద్దుల గూడ గిట్లనే టార్పాలిన్ కప్పుతున్నరా? నా తమ్ముడు ఫౌజుల ఉన్నడు. గా నేల మీద నడిచేది వాడు."

"గిది ఉత్త చూపెట్టుడే. నీకెందుకు లొల్లి? నౌకరి వద్దా?"

"కావాలె. అయినా లేవ."

అఫ్సర్లు వచ్చిన్రు. మేడం బండి నెట్టింది. తెర మీద మీసం లేదు, గడ్డం లేదు, అంతా అంబలి.

"గుంత ఎందుకు కప్పలేదు?" అని పక్కన చుట్టిపెట్టిన టార్పాలిన్‌ను చూసి పెద్ద అఫ్సరు అడిగిండు. కాంట్రాక్టరు నా దిక్కు చూసిండు.

"నేనే కప్పలే సార్. వానల ఇది గుడ్డిది. కొనేముందు మీకు తెల్వాలె గదా."

మేడం తల దించలే. "నిజమే సార్. తడి నేల మీద దీనితోని ఇంకా పనుంది" అన్నది.

మాపటికి కాంట్రాక్టరు నా గేట్ పాస్ గుంజుకున్నడు. ఇంటికి పోకముందే తమ్మునికి ఫోన్ చేసిన. "గీ మిషన్ ఎప్పుడన్న నీ చేతికొస్తే, వాన పడ్డంక నమ్మకురా" అని జరిగిందంత చెప్పిన.

"నౌకరి పోయిందా అన్నా?"

"పోయింది. పొద్దుగాల కూలోల్ల అడ్డా మీద నిలబడితే ఇంకోటి దొరుకుతది. నీ కాలు ఏ అడ్డా మీద దొరుకుతది?"

"మా తాన ఇయ్యాల గూడ వానే" అన్నడు తమ్ముడు.