కారిడార్ ఒక్కటే మిగిలింది

హరనాథ్ తన ఇంట్లో చేసిన ఆఖరి పని స్కానర్ అద్దం తుడవడం. అందుకోసం భార్య శ్రీలేఖ పాత నేతచీర చింపి ఒక మెత్తటి గుడ్డ దాచుకున్నాడు. దాంతో అద్దాన్ని పసిపిల్ల మొహం తుడిచినంత మెల్లగా తుడిచాడు. కిటికీ బ్లైండ్స్ తియ్యకు, ఎండ తగిలితే డ్రాయింగుల గీతలు వెలిసిపోతాయని వంటింట్లో ఉన్న ఆమెకి వినపడేట్టు చెప్పాడు. కుర్చీలో కూర్చోబోయి నేల మీదికి జారిపోయాడు.

మోరిస్‌విల్‌లోని ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర భోంచెయ్యడం మానేసి చాలా రోజులైంది. టేబుల్ నిండా డ్రాయింగులే. దుప్పటంతేసి కాగితాలు, నీలం గీతలు, ఎన్నేళ్లయినా వదలని ఘాటు వాసన. అవి ఏ ఇంటివో ఆఫీసువో కావు. "లాంటర్న్ స్టేషన్" అని ఒకప్పుడు టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ కోసం వేసిన సెట్లవి.

ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు హరనాథ్ నలుగురు తెలుగు కుర్రాళ్లతో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఆ సీరియల్ చూసే ఇక్కడి ఇంగ్లీషుకి చెవిని అలవాటు చేసుకున్నాడు. మిగతావాళ్లు నౌకలు పేలడం చూస్తే ఇతను తలుపులు చూసేవాడు. పెద్ద భవనాల్లో ఏసీ గాలి వెళ్లే గొట్టాలకి డ్రాయింగులు గీసే ఉద్యోగం అతనిది. ఏ గోడ కనపడినా దాని వెనక ఏముందోనన్న యావ. కెప్టెన్ గది తలుపు అటు తెరుచుకుంటే కారిడార్ ఇటెలా వస్తుందని అడిగేవాడు. అందులో అద్దెకి దిగుతున్నావురా అని రూమ్మేట్లు నవ్వేవాళ్లు. ఆ మాట ఎంతగా అతుక్కుపోయిందంటే, తలలు నెరిశాక కూడా తలా ఒక వంట తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో కనపడితే, "ఏరా, అద్దె పెంచారా?" అనే పలకరించేవాళ్లు.

పెళ్లయి వచ్చిన శ్రీలేఖకి ఇదంతా మొదట పిచ్చిలా కనపడింది, తర్వాత అలవాటైంది. ముందు మన గరాజ్ తలుపు సంగతి చూడండి, అంతరిక్షంలో తలుపులు వాళ్లే చూసుకుంటారు అనేది. అతను నవ్వి, గరాజ్ తలుపు బాగుచేసి, మళ్లీ వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. అక్కడ అతనిలాంటివాళ్లు ఇంకొందరు ఉన్నారు. ఒహాయోలో వాల్టర్ అని ఒక రిటైరైన స్కూలు టీచర్ వాళ్లందరికీ కలిపి ఒక వెబ్‌సైట్ నడిపేవాడు. సీరియల్ ఆగిపోగానే సెట్లు పగలగొట్టి చెత్తలో వేశారు. మిగిలినవల్లా కాగితాల మీది కొలతలే. అవి ఎవరి అటక మీద దొరికినా తెచ్చి, స్కాన్ చేసి, ఎవరైనా చూసుకునేలా ఆ సైట్‌లో పెట్టడం వీళ్ల పని. దానివల్ల ఎవరికీ ఏమీ రాదు. లోకంలో ఒకటి పూర్తిగా పోకుండా ఆపామన్న తృప్తి తప్ప.

ఆ వసంతంలో, లాస్ ఏంజెలెస్‌లో ఆ సెట్లు గీసిన పెద్దాయన పోయాడు. ఆయన కూతురు గరాజ్ ఖాళీ చేస్తూ, ఈ డ్రాయింగుల చుట్ట ఎవరికైనా కావాలా, పారెయ్యనా అని సైట్‌లో అడిగింది. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయి ఇంట్లోనే ఉన్న హరనాథ్ అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. చుట్ట చేతికందిన కొద్దిరోజులకే వాల్టర్ సైట్‌లో చెడ్డ కబురు పెట్టాడు. సైట్‌కి చోటిచ్చిన కంపెనీ మూతపడుతోంది. జూలై ఆఖరు రోజుకి సైట్‌లో ఏముంటే అది ఒక యూనివర్సిటీ లైబ్రరీ మొత్తంగా తీసి భద్రం చేస్తుంది. తర్వాత ఒక్క కాగితం కూడా చేర్చరు.

అప్పట్నుంచీ హరనాథ్‌కి అన్నం సయించలేదు. అంతంత కాగితాలు ఇంట్లో ఉన్న చిన్న స్కానర్ మీద పట్టవు. ముక్కముక్కగా జరుపుతూ తీసి, ఆ ముక్కల అంచులు కంప్యూటర్‌లో కలుపుకోవాలి. ఒక్కో డ్రాయింగ్ ఒక్కో రోజు మింగేస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి పడెయ్యొచ్చు కదా అని శ్రీలేఖ అంటే, ఫొటోలో అంచుల దగ్గర గీత వంగుతుంది, వంగిన గీత మీద కొలత నిలవదు అన్నాడు.

మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. కాళ్లు వాచాయి. కార్డియాలజిస్ట్ వెంటనే యాంజియోగ్రామ్ చేయించుకోమంటే, ఆగస్టుకి అపాయింట్‌మెంట్ పెట్టించుకుని వచ్చాడు. శ్రీలేఖ తిట్టింది, ఏడ్చింది, మాట్లాడటం మానేసింది. ఆఖరికి ఒక సాయంత్రం స్కానర్ వైరు పీకి చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్దాం. ఒకసారి మీ పాదాలు చూసుకోండి, ఎలా ఉన్నాయో."

"నా గుండె ఆగస్టులో కూడా ఉంటుందే లేఖా. ఆ సైట్ ఉండదు. ఇటివ్వు."

ఆమె ఇచ్చింది.

కిందపడిన రోజున అంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది. జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తున్న కూతురు అనిక దొరికిన ఫ్లైట్ పట్టుకుని వచ్చింది. గండం గడిచిందన్నారు. మర్నాటికి హరనాథ్ కళ్లు తెరిచి, ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరుపుకుని, "కారిడార్ ఒక్కటే మిగిలింది" అన్నాడు.

ఏ కారిడారో శ్రీలేఖకి తెలుసు. సీరియల్‌లో అది అంతులేకుండా కనపడేది. నిజానికి పొడవు ఒక బస్సంతే. పోనుపోను నేల లేస్తుంది, కప్పు దిగుతుంది, గోడలు దగ్గరవుతాయి, చివరి తలుపులు చిన్నపిల్లల ఎత్తువి. ఇన్నేళ్లూ అతనికి అంతుపట్టని గోడ అదే. డ్రాయింగులన్నిట్లోకీ పొడుగైనది కాబట్టి ఆఖరుకి ఉంచుకున్నాడు. గడువు ఆ రోజుతో సరి.

పోనివ్వండి, మీరు బాగుంటే చాలు అంది శ్రీలేఖ. అతనికి కంటి చివరనుంచి నీరు చెవిలోకి జారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"అమ్మా, నువ్వు వెళ్లు. నేను ఉన్నా కదా," అంది అనిక. "అది అయిపోతే నాన్న రెస్ట్ తీసుకుంటాడు."

నర్సుని అడిగితే ప్రస్తుతానికి ఫర్వాలేదంది. శ్రీలేఖ ఇంటికెళ్లి కారిడార్ డ్రాయింగ్ చుట్టి, పెద్ద కాగితాలు స్కాన్ చేసే ప్రింటింగ్ షాపుకి తీసుకెళ్లింది. కౌంటర్ దగ్గరి ఆవిడ కాగితం విప్పి, కింద మూలనున్న స్టూడియో పేరు మీద వేలుపెట్టి, వాళ్ల అనుమతి లేనిదే కుదరదంది. మా ఆయన హాస్పిటల్లో ఉన్నాడండీ అని శ్రీలేఖ బతిమాలింది. ఆవిడ నొచ్చుకుంది, కానీ కాగితం తిరిగి చుట్టి చేతిలో పెట్టింది. పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని, హాస్పిటల్‌కా ఇంటికా అనుకుంటూ కాసేపు స్టీరింగ్ పట్టుకుని ఉండిపోయింది శ్రీలేఖ. ఇంటికే తిప్పింది.

అతను ఎలా చేసేవాడో ఇన్నాళ్లూ ఓరకంట చూసింది. అలాగే బ్లైండ్స్ మూసి, కాగితాన్ని ఒక చివరనుంచి అద్దం మీదికి జరుపుతూ పోయింది. ముక్క తీసి, మూత ఎత్తి, జరిపి, మళ్లీ మూసి. అంచులు కలపడం ఆమెకి రాదు. విడివిడిగానే పెడితే ఎవరో ఒకరు కలుపుకుంటారులే అనుకుంది. పిల్లల ఎత్తు తలుపులున్న చివరి ముక్క అద్దం మీద ఉండగా ఫోన్ మోగింది. తీస్తే అనిక. వెనక ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, ఏదో మిషన్ కూత. "అమ్మా, డాక్టర్లు ఇక ఆపేశారు," అంది.

శ్రీలేఖ ఫోన్ టేబుల్ మీద పెట్టింది. ఆ చివరి ముక్క కూడా తీసింది. అన్నిటినీ పంపే బటన్ నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆ తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. కార్ తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

కర్మకాండలు అయ్యాక వాల్టర్ ఫోన్ చేశాడు. కారిడార్ ముక్కలు తనే కూర్చుని కలిపానని, అంత శుభ్రమైన స్కాన్లు ఇంతవరకు చూడలేదని అన్నాడు. అవి నేను తీశానండీ అని శ్రీలేఖ చెప్పింది. ఎప్పుడు తీశారని అడిగితే, అదీ చెప్పింది.

దేనికమ్మా అంత తొందరపడ్డారు అన్నాడు వాల్టర్. సైట్‌కి చోటిచ్చిన కంపెనీ వాళ్లు గడువు డిసెంబర్ దాకా పొడిగించారట. సైట్ మీద తేదీ మార్చడం మరిచాడట గానీ, జూలై మొదట్లోనే సభ్యులందరికీ మెయిల్ పంపాడట. హరనాథ్‌కి కూడా పంపాడట. మెయిల్ అడ్రస్ చదివి వినిపించాడు. అది ఏప్రిల్‌లో అతన్ని ఉద్యోగంలోంచి తీసేసిన కంపెనీ ఇచ్చిన పాత ఆఫీసు అడ్రస్.