సీటు కింద కండె

గడ్డి కోసే బండి మీద కూర్చుని తిరగడం నా ఉద్యోగమని చెబితే మా దాజీ పేట్‌లో ఎవరూ నమ్మలేదు. గడ్డి అంటే మాకు బర్రె తినేది. దాన్ని సమంగా కత్తిరించడానికి ఒక బండి, దానికి స్టీరింగు, సీటు, కింద గిరగిరా తిరిగే కత్తి ఉంటాయంటే, గడ్డికి కూడా క్షవరమా అని గల్లీలో ముసలివాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వులాటకు ఫలితం అనుభవించింది మాత్రం నేను కాదు, మా వదిన.

ఇది తొంభైల మొదట్లో మాట. నేను భవాని పేట్‌లో ఒక సేటు టవల్ లూములకు, అంటే తువ్వాళ్ళు నేసే మరమగ్గాలకు, జాబర్‌ని. లూము మొరాయిస్తే బాగుచేసేవాణ్ణి జాబర్ అంటారు. సేటు కూడా మనవాడే, తెలంగాణ నుంచి నేతపనికి ఈ ఊరికి వలస వచ్చినవాళ్ళ మనవడే. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఊరి బయట పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే లాన్ ఒకటి వేయించాడు. గడ్డి పెంచడం తెలిసింది గానీ కోయించడం ఆయన వల్ల కాలేదు. ముంబైలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర, విదేశంలో ఎవరో వాడి వదిలేసిన బండిని కొని లారీలో తెప్పించాడు. లూములు నడిపించేవాడికి గడ్డి బండి ఒక లెక్కా అని నన్ను పంపాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ వయసులో నాకు తెలియని మషిన్ ఒకటి ఉంటుందంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

బండి వెంట ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. ఒక పూట ఉండి నాకు నేర్పి వెళ్ళాలి. హిందీలో నెమ్మదిగా, చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పేవాడు. ఎక్కే ముందు నేలంతా నడిచి రాళ్ళూ తీగలూ ఏరాలి. మనుషులు దగ్గర ఉంటే కత్తి తిప్పకూడదు. వెనక్కి పోయేటప్పుడు మెడ తిప్పి చూడాలి. తడి గడ్డి జోలికి పోకూడదు, అది ముద్దకట్టి కత్తిని పట్టేస్తుంది. పట్టేసిందా, ముందు కత్తిని ఇంజను నుంచి విడదీసే లీవరు దించి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, కత్తి నిలిచిందని కంటితో చూసుకున్నాక ఆ గడ్డి తీయాలి. అదీ కర్రతో, చేత్తో కాదు. అన్నిటికన్నా ముఖ్యం సీటు అన్నాడు. దాని కింద ఒక బటను ఉంది. మనిషి కూర్చుంటే అది నొక్కుకుంటుంది, లేస్తే పైకి వస్తుంది, ఇంజను దానంతటదే ఆగిపోతుంది. ఆయన నాలుగుసార్లు కూర్చుని, నాలుగుసార్లు లేచి చూపించాడు. లేచిన ప్రతిసారీ ఇంజను టక్కున ఆగింది. కోసిన గడ్డి పోగుచేయడానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళూ అది చూసి ముచ్చటపడ్డారు.

ఆ ముగ్గురిలో మా వదిన ఒకరు. మా అన్న భార్య. నాకు ఆరేళ్ళప్పుడు మా ఇంట్లో అడుగుపెట్టింది. మా అమ్మ అప్పటికే లేదు. నాకు తల దువ్వి, అన్నం కలిపి పెట్టి, బడికి పంపింది ఈమే. మా పేటలో మగవాళ్ళు లూముల మీద ఉంటే ఆడవాళ్ళు తునికాకు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. మా వదిన పొయ్యి మీద కూర చూస్తూ, పక్కింటామెతో మాట్లాడుతూ, చేతుల వంక చూడకుండానే చుట్టేది. అశోక్ చౌక్ దగ్గర బీడీ కార్ఖానాలో సరుకు చూసేవాడు అందరి కట్టలూ విప్పి చూసేవాడు, ఈమెవి విప్పకుండానే పక్కన పెట్టేవాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. మా అన్న మాత్రం పదిమందికీ చెప్పుకునేవాడు. లాన్ పనికి వారానికి రెండు రోజులు రమ్మని ఆమెను ఒప్పించింది నేనే. కూర్చుని కూర్చుని నడుము పట్టుకుపోతోంది, కాస్త గాలి తగులుతుంది రా అన్నాను.

బండి మీద ఒక బొమ్మ అంటించి ఉంది. ఒక చెయ్యి, దాని మీద కత్తి, తెగి ఎగురుతున్న వేళ్ళు. ఇదేమిటని వదిన నన్ను అడిగింది. కొన్నవాళ్ళను భయపెట్టడానికి అంటిస్తారని, అట్లా అంటించాలంటే మన లూములకు బొమ్మలే సరిపోవని చెప్పాను. ఆమె నవ్వి, మళ్ళీ ఒకసారి ఆ బొమ్మ వైపు చూసి పనిలోకి వెళ్ళింది. నా మాట ఆమెకు ఎప్పుడూ నిజమే. మషిన్ల సంగతి అయితే ఇక చెప్పనక్కర్లేదు.

రెండు రోజులు మెకానిక్ చెప్పినట్టే నడిపాను. మూడో రోజు నాకు విసుగొచ్చింది. బండి బ్యాటరీ పాతది. అడ్డం వచ్చిన రాయి తీయడానికి దిగితే ఇంజను ఆగేది, ఆగితే మళ్ళీ అంత సులువుగా అందుకునేది కాదు. దిగడం, ఆగడం, అరగంట తిప్పలు. లూముల్లో ఇలాంటి రోగానికి మా దగ్గర మందుంది. అడ్డంగా నేసే పేక నూలు తెగితే లూము తనంతట తాను ఆగే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పాత లూముల్లో అది నూలు తెగకపోయినా ఆపేస్తుంది. ఆగిన లూము మీద గుడ్డ దిగదు, గుడ్డ దిగకపోతే కార్మికుడికి ఆ పూట కూలి లేదు. అందుకని మేం దాన్ని రెండు పోగులు పేని కట్టేసేవాళ్ళం. తప్పని ఎవరూ అనుకోలేదు, అదీ ఒక పనితనమే అనుకున్నాం. ఆ ముడి వేయడంలో నా అంతవాడు లేడని నాకు పేరు కూడా ఉండేది.

సీటు ఎత్తాను. జేబులో ఒక ఖాళీ కండె ఉంది, పేక నూలు చుట్టే చిన్న కర్ర పుల్ల. దాన్ని బటను మీద అడ్డంగా పెట్టి, టవల్ అంచుకు వాడే ఎర్ర నూలుతో బిగించి కట్టేశాను. ఇక నేను కూర్చున్నా లేచినా ఇంజను ఆగలేదు. ముంబై మెకానిక్ ఇంత చిన్న ఉపాయం తెలియక అన్ని పాఠాలు చెప్పాడే అని లోలోపల నవ్వుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మనిషిని.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం కూడా ఒక ప్రమాదమేనని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు సాయంత్రం లాన్‌లో పెళ్ళి. తెల్లవారుజామున అకాలంగా ఒక వాన పడి వెలిసింది. గడ్డి నీళ్ళు కారుతోంది. తడి గడ్డి కోయకూడదన్న మాట నాకు గుర్తుంది. గుర్తుండే బండి ఎక్కాను. సేటు రెండుసార్లు కబురు పంపాడు మరి. సగం లాన్ దాటాక గడ్డి ముద్దకట్టి కత్తి పట్టేసింది. లోపల వదులైన బెల్టు జారుతూ కీచుమంటోంది. దిగాను. లీవరు దించలేదు, తాళంచెవి తీయలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. ఇంతలో పందిరి సామాను తెచ్చిన లారీవాళ్ళు గేటు దగ్గర నుంచి పిలిచారు, లారీ ఎటు తిప్పాలో చూపించమని. మిగతా ఇద్దరు ఆడవాళ్ళు దూరంగా గోడ వైపు ఉన్నారు. వదిన దగ్గరికొచ్చి, గడ్డి పోగుచేసే పళ్ళకర్ర కింద పెట్టి వంగింది.

"ఆగిందా?" అని అడిగింది.

ఆమె అడిగింది కత్తి గురించి. ఇంజను చప్పుడు ఆమెకూ వినిపిస్తోంది.

"ఆగింది వదినా. ఆ గడ్డి గుంజెయ్, ఇప్పుడే వస్త" అన్నాను. వెనక్కి తిరిగి చూడకుండా గేటు వైపు నడిచాను.

ముద్ద ఊడి రాగానే కత్తి తిరిగింది. నేను తిరిగి చూసేసరికి కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. చూపుడు వేలు సగానికి పోయింది. మధ్య వేలు కొస పోయింది. బీడీ చుట్టే చేతికి ఆ రెండు వేళ్ళు ఏమిటో మా పేటలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

లాన్ లెక్కలు చూసే గుమాస్తా, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఆమెను టెంపోలో దవాఖానాకు తీసుకుపోయారు. నేను వెళ్ళాలి. ఆమె టెంపోలో కూర్చుని నా వైపు చూసింది కూడా. మీరు నడవండి, మషిన్ సంగతి చూసి వస్తానన్నాను. అందరూ వెళ్ళాక సీటు ఎత్తి ముడి విప్పబోయాను. నా ముడే నాకు ఊడి రాలేదు. చివరికి పళ్ళతో కొరికి తెంపి, కండెనూ ఎర్ర నూలునూ ప్యాంటు జేబులో కుక్కుకున్నాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నీ వరసగా పెట్టి ఏది నీచమని అడిగితే, కండె కట్టడం కాదు, ఇది అని చెబుతాను. కట్టినప్పుడు తెలివితక్కువతనం. విప్పినప్పుడు నాకు అన్నీ తెలుసు.

సేటు వచ్చాడు. ఆయనే స్వయంగా సీటు మీద కూర్చుని, ఇంజను నడిపించి లేచాడు. ఇంజను టక్కున ఆగింది.

"మషిన్ బరాబర్ ఉంది" అన్నాడు. "నడిచే మషిన్ల చెయ్యెట్ల పెట్టింది?"

"నేను సీటు మీదనే ఉన్న సేట్" అన్నాను. "వద్దనేలోపల్నే పెట్టింది."

ఆ మాట నాకన్నా ముందు మా ఇల్లు చేరింది. నేను వెళ్ళేసరికి వదిన కట్టు కట్టిన చేతితో గోడకు ఆనుకుని ఉంది. మా అన్నకు భయమేస్తే కోపం వస్తుంది. వాడు సీటు మీద ఉండగానే చెయ్యి పెట్టావట, నీకు బుద్ధి ఉందా, పసిపిల్లలకు తెలిసినంత కూడా తెలియదా అని ఆమె మీద అరుస్తున్నాడు. సీటు మీద అనే మాట దగ్గర వదిన తలెత్తి నన్ను చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఆమె నా చెయ్యి చూసింది, జేబులోంచి వేలాడుతున్న ఎర్ర నూలు కొస చూసింది, తల దించుకుంది. ఆమె మాట్లాడకపోవడం నాకు ఆ పూట ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

గాయం మానాక ఆమె మళ్ళీ ఆకు పట్టింది. మిగిలిన వేళ్ళతో చుట్టడం నేర్చుకోవడానికి చాలా నెలలు పట్టింది. కార్ఖానాలో ఆమె కట్టలు ఇప్పుడు విప్పి చూసేవాళ్ళు, సగం వదులుగా ఉన్నాయని ఛాట్ కింద, అంటే పనికిరానివని, తీసి పడేసేవాళ్ళు. పడేసినవి ఒళ్ళో ఏరుకుని ఇంటికి తెచ్చేది. కొన్నాళ్ళకు బీడీలు మాని రోజూ లాన్ పనికే రావడం మొదలుపెట్టింది. గల్లీలో తల్లులు పరధ్యానంగా ఉన్న ఆడపిల్లలను, ఆమె లెక్క చెయ్యి పెట్టుకుంటావా అని తిట్టేవాళ్ళు. ఆమె వింటుండగానే తిట్టేవాళ్ళు.

నేను మాత్రం బుద్ధిమంతుణ్ణయ్యాను. రాయి ఏరకుండా బండి ఎక్కలేదు, తాళంచెవి తీయకుండా వంగలేదు, తడి గడ్డి ముట్టుకోలేదు. జాగ్రత్త అంటే ఇతని దగ్గర నేర్చుకోవాలని సేటు అందరికీ చెప్పేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలిన చేతులు నావి కావు, మెప్పు మాత్రం నాది. ఈ రోజు చెబుదాం అని చాలాసార్లు అనుకున్నాను. అన్న మంచి కులాసాగా ఉన్నప్పుడు చెడగొట్టడం దేనికని, చికాకుగా ఉన్నప్పుడు వద్దని వాయిదా వేశాను. పిరికివాడికి మంచి రోజు ఎప్పుడూ దొరకదు.

మూడేళ్ళ తర్వాత సేటు కొత్త లూములు వేసి నన్ను వెనక్కి పిలిచాడు. బండికి టెంపో నడిపిన అనుభవం ఉన్న ఒక డ్రైవర్‌ని పెట్టారు. ఒక పూట అతనికి నేర్పాను. రాళ్ళు, తీగలు, మనుషులు, లీవరు, తాళంచెవి, కర్ర. ముంబై మెకానిక్ లాగే నాలుగుసార్లు కూర్చుని లేచి చూపించాను. వదిన కొంచెం దూరంలో గడ్డి పోగుచేస్తోంది. అతను ఆ చెయ్యి బొమ్మ చూసి, ఇక్కడెవరికైనా దీంతో దెబ్బ తగిలిందా అని అడిగాడు.

అంతకుముందు ఎవరు అడిగినా నా దగ్గర ఒక జవాబు ఉండేది. ఒకామె చూసుకోక చెయ్యి పెట్టింది అనేవాణ్ణి. ఆమె వినేంత దూరంలో ఆ మాట నోట్లోంచి రాలేదు. నిజం కూడా రాలేదు. వంగి, రాయి లేనిచోట రాయి వెతుకుతున్నాను.

వదినే దగ్గరికి వచ్చింది. నన్ను చూడలేదు, అతనితోనే మాట్లాడింది.

"తమ్మీ, నువ్వు లేవంగనే ఇది ఆగాలె. ఆగలేదనుకో, ముందుగాల సీటు లేపి కింద చూడు. ఏదన్న కట్టి ఉంటది."

అతను తలూపాడు. ఆమె మళ్ళీ పళ్ళకర్ర అందుకుంది. మూడు వేళ్ళూ అరచెయ్యీ కలిపి పట్టుకుంటుంది ఆమె దాన్ని. బుద్ధి లేదని పేటంతా అన్న మనిషి, మషిన్ గురించి అక్కడ చెప్పాల్సిన ఒకే ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. అన్ని నియమాలు వల్లించిన నేను ఆ ఒక్కటే చెప్పలేదు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం అన్న లూము మీది నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, వదిన ఎదురుగానే చెప్పాను. కండె, ఎర్ర నూలు, ఆగిందని నేను చెప్పిన మాట, జేబు, సేటుతో ఆడిన అబద్ధం, అన్నీ. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. అన్న నా వైపు తిరగనే లేదు. వదిన చేతి వంక చూశాడు.

"నీకెరుకేనా?" అని ఆమెనే అడిగాడు.

"ఎరుకే."

"మరి ఇన్నేండ్లు నేను తిడ్తుంటే ఎందుకు చెప్పలే?"

వదిన నా ముందు కంచం పెట్టింది.

"వాడే చెప్తడని చూసిన" అంది. "రోజూ చూసిన."