చలికి తెరుచుకోని స్విచ్చు

లడఖ్‌లోని ఆ ఆర్మీ పోస్టుకు మేము నవంబరులో చేరాం. చుట్టూ రాళ్ల గుట్టలు, వాటి మీద మంచు, ఎప్పుడూ గాలి. మాది వేంపల్లె. నాది రేడియో డ్యూటీ. మెకానిక్‌ది నందికొట్కూరు. అంత దూరంలో మన మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. వంటవాడు బీహార్ మనిషి. అయినా మా ఇద్దరి కోసం రాగి సంగటి కెలకడం నేర్చుకున్నాడు, మహానుభావుడు.

హెలికాప్టర్ దిగేచోట ఆరుతూ వెలిగే పెద్ద ఎల్‌ఈడీ దీపం పెట్టమని ఆర్డరు. దాన్ని ఆర్పి వెలిగించే చిన్న సర్క్యూట్ బోర్డు అంత కరెంటు మోయలేదు. మధ్యలో ట్రాన్సిస్టర్ కావాలి. మీకు ట్రాన్సిస్టర్ అంటే పాత రేడియో. ఇది చేత్తో నొక్కని స్విచ్చు. బోర్డు కాస్త వోల్టేజీ ఇస్తే తెరుచుకుని, దీపానికి కరెంటు వదులుతుంది.

పెట్టెలో రెండు రకాలున్నాయి. చిన్నది తక్కువ వోల్టేజీకే పూర్తిగా తెరుచుకుంటుంది. మెకానిక్ పెద్దది తీశాడు. వేడి లాగడానికి వెనక అల్యూమినియం రేకు బిగించాడు.

“ఏమప్పా, అంత లావుది ఎందుకు?” అన్నాను.

“మన పక్క ఎండలకు మోటరు స్టార్టర్లు ఎట్ల కాలిపోతాయో చూస్తివి కదా. ఇది శానా వేడి తట్టుకుంటాది.”

“ఈడ ఎండ యాడుండాదప్పా!”

ఇద్దరం నవ్వుకున్నాం. బంకర్‌లో స్టవ్ పక్కన పెట్టి చూస్తే దీపం కళ్లు చెదిరేలా వెలిగింది.

జనవరిలో వంటవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వెంటనే కిందికి దించకపోతే దక్కడన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. పొద్దున ఏడింటికి హెలికాప్టర్ వచ్చింది. పొగమంచు. దీపం వేశాం. బీడీ నిప్పులా ఉంది.

“లైటు కనపడటం లేదు,” రేడియో సెట్‌లో పైలట్.

ఆ చలిలో పెద్ద ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే ఇంకా వోల్టేజీ కావాలి. బోర్డు ఇచ్చేది స్టవ్ పక్కన సరిపోయింది, బయట చాలలేదు. మెకానిక్‌కు అప్పుడు తట్టింది. గ్లౌజులు పీకేశాడు. రేకుతో సహా దాన్ని వట్టి అరచేతుల్లో పట్టుకుని ఊదసాగాడు. దీపం కొంచెం కొంచెంగా లేచింది.

“వెలుగు లేస్తాండాది! ఉండమనప్పా, ఉండమను!”

సెట్‌లో గొంతు చించుకున్నాను. ఇంధనం చాలదు, వెనక్కి పోతున్నామన్నాడు పైలట్. చప్పుడు దూరమయ్యాక దీపం బాగా వెలిగింది.

మధ్యాహ్నానికి చిన్న ట్రాన్సిస్టర్ బిగించాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. ఏం లాభం? వంటవాడు అప్పటికే పోయాడు. మర్నాడు ఆ వెలుగులోనే అతన్ని దుప్పటిలో చుట్టి హెలికాప్టర్ ఎక్కించాం.

“ఎండకు భయపడి చలిని మర్సిపోతినప్పా,” అన్నాడు మెకానిక్. నాకు ఏడుపు ఆగలేదు.

రిటైరై వేంపల్లె వచ్చేశాను. మే నెలలో స్టార్టర్ కాలితే జనం ఎండను తిడతారు. నాకు మాత్రం ఆ చేతులే కళ్లముందు ఆడతాయి. రేకుకు తోలు అంటుకుపోయి నెత్తురు కారుతున్నా, హెలికాప్టర్ వెళ్లిపోయినా, వాడు ఇంకా ఊదుతూనే ఉన్నాడు.