మళ్ళీ రానివాళ్ళ రిజిస్టర్

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువని అమ్మ అనేది. చెంబులో వేలు ముంచి చూడందే పాలు పోయించుకునేదాన్ని కాదు. అలాంటి నేను ఒక్క రిజిస్టర్‌ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను. అది నేనే రాశాను కాబట్టి.

బొల్లారంలో మా ఇంటి దగ్గరి దవాఖానాకు ముందు గుమ్మంలోంచి మనుషులు, వెనక గుమ్మంలోంచి గుర్రాలు వచ్చేవి. మిలిటరీ గుర్రాలకు వైద్యం చేసి రిటైరైన డాక్టరుగారు పుండు ఎవరిదైనా ఒకటే పసుపు మలాము రాసేవారు. ఎవరికి నయమైందో రాసే పని నాది. కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ రాకపోతే నయమైనట్టే రాయమన్నారాయన. పోలీస్ యాక్షన్ రోజుల్లో దవాఖానాలో నరపురుగు కనిపించలేదు. నేను బుద్ధిగా అందరి పేర్ల ఎదుటా ‘నయం’ అని రాసుకుంటూ పోయాను. అది చూసి ఆయన మురిసిపోయి, మలాము మహిమ మీద పెద్ద వ్యాసమే మొదలుపెట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాన్న కాల్లో మేకు దిగింది. నాలుగు రోజులు మలాము రాసినా పుండు నల్లబడుతోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తానంటే డాక్టరుగారు నా రిజిస్టరే తెరిచి నా ముందు పెట్టారు.

“ఇంతమందికి తగ్గింది, మీ నాన్నకు తగ్గదా అమ్మాయ్?”

ఇంతమందికీ నిజంగా తగ్గిందా? మొదటిసారి నా రాత మీద నాకే అనుమానం వచ్చింది. మర్నాడు ఆదివారం. చర్చి ఎగ్గొట్టి కార్ఖానా బస్తీలోని టాంగా అడ్డాకు వెళ్ళాను. మా రిజిస్టర్‌లో నయమైన గుర్రం తాలూకు ముసలి సాయిబు, గుర్రం లేని టాంగా మీద కూర్చుని ఉన్నాడు.

“గుర్రం ఏది తాతా?”

“ఇంకేడి గుర్రం బిడ్డా! గడబిడ షురూ అయినంక మేం ఇల్లు కదలకపోతిమి. కట్టు విప్పనే లేదు, సచ్చిపాయె. మా తమ్ముని చెయ్యి సుత గట్లనే పాయె. మేమెందుకు వస్తలేమని మీ దవాఖానల ఎవరన్న అడిగిండ్రా?”

ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ ఇద్దరి పేర్ల ఎదుటా ఉన్నది నా చక్కని చేతిరాతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఆ రోజే నాన్నను పెద్దాసుపత్రిలో చేర్చాను. మోకాలి కింది నుంచి కాలు తీసేసి ప్రాణం నిలబెట్టారు. ముందే తెస్తే ఒక వేలితో పోయేదని అక్కడి నర్సమ్మ కసిరింది.

నెల తర్వాత, పని మానేస్తున్నానని చెప్పడానికి దవాఖానాకు వెళ్ళాను. అప్పటికే నా కుర్చీలో ఒక కొత్తమ్మాయి కూర్చుని ఉంది. ఆమె ముందు రిజిస్టర్ తెరిచి ఉంది. నాన్న పేరు ఎదుట సిరా ఆరిన అక్షరాల్లో ‘నయం’ అని ఉంది.

ఇలా ఎందుకు రాశావని అడిగాను.

“ఆయన మళ్ళీ రాలేదు కదండీ” అంది.