సరుగుడు పుల్లకు పది అంగల దూరం

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఎవరో కనిపించారని పక్క ఫ్లాట్ ఆంటీ చెబితే, సీసీ కెమెరా ఫుటేజ్ చూపించమని ఆవిడతో గొడవ పెట్టుకున్నదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం సంగతి కాదు. ఇందులో మనుషులెవరూ చనిపోలేదు. అందుకే నాకు మరీ అంతుపట్టడం లేదు.

రెండేళ్ళ క్రితం ఉద్యోగానికని చిలకలూరిపేట వచ్చాను. స్పిన్నింగ్ మిల్లులో నూలు క్వాలిటీ చూసే పని. ఆరు రోజులు మిషన్ల మోత, ఏడో రోజు హాస్టల్ గదిలో ఫోన్. పిట్ట కూత వినిపిస్తే దాని పేరు చెప్పే యాప్ ఒకటి సరదాకి వేసుకున్నాను. అలా పట్టుకుంది ఈ పిచ్చి. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే స్కూటీ వేసుకుని పర్చూరు మీదుగా వాడరేవు వైపు వెళ్ళిపోయేదాన్ని.

అక్కడే మస్తాన్ మాస్టారు పరిచయమయ్యారు. చీరాలలో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. డెబ్బై దాటిన మనిషి. తల మీద ఆకుపచ్చ తువ్వాలు, పాత టీవీఎస్ బండి వెనక కట్టిన టెలిస్కోపు. ఫోన్ మాత్రం బటన్లది. నేను ప్రతి పిట్టకీ ఫోన్ ఎత్తితే నవ్వేవారు.

"ఫోన్లో పిట్టని చూట్టానికి ఇంత పెట్రోలు పోసుకుని రావాలా అమ్మా? ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని చూడొచ్చుగా."

వాడరేవు దాటి ఇంకా కిందికి వెళితే ఒక ఉప్పు వాగు సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఇసుక ముక్కులాగా నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని వెనక సరుగుడు తోట, తోట వెనక రొయ్యల చెరువులు. మే నెల మొదట్లో ఆ ఇసుక మీద లిటిల్ టెర్న్ గుడ్లు పెట్టిందని మాస్టారు చెప్పారు. పిడికెడంత తెల్ల పిట్ట, నల్ల టోపీ, పసుపు ముక్కు. గూడంటూ కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే పెడుతుంది.

ఆయన నన్ను దగ్గరికి తీసుకెళ్ళలేదు. తోట అంచున నిలబెట్టి టెలిస్కోపులో చూపించారు. ఎండకి గాలి వణుకుతోంది. ఇసుక, ఇసుకలో కూర్చున్న పిట్ట, అటువైపు గుచ్చిన సరుగుడు పుల్ల ఒకటి. గుర్తు కోసం ఆ పుల్ల తనే పెట్టానన్నారు. దూరం నుంచి చూస్తే పిట్టా పుల్లా ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే ఉన్నాయి.

"ఆ ఛాయలకి పోమాక. ఎవరికీ చెప్పమాక. పిల్లలు ఎగిరిందాకా ఇది మనిద్దరికే తెలియాలి."

సరేనన్నాను. మాట ఇచ్చాననే అనుకోండి.

తర్వాతి ఆదివారం గుంటూరు నుంచి మా పిట్టల వాట్సాప్ గ్రూపు వాళ్ళు కొంతమంది వచ్చారు. రొయ్యల చెరువు గట్టున జమ్ములో ఏదో పిట్ట దాక్కుని బయటికి రావడం లేదు. నేను ఫోన్లో దాని కూత పెట్టాను. కూత వింటే ఇంకో పిట్ట వచ్చిందనుకుని బయటికొస్తుంది, అందరూ చేసేదే. మాస్టారు వచ్చి నా ఫోన్ మీద అరచెయ్యి పెట్టారు.

"అది గుడ్ల మీద ఉందమ్మా. దాన్ని ఏడిపించి నువ్వు ఫోటో తీసుకుంటావా? ఫోను లోపల పెట్టు, లేపోతే ఇంటికి పో."

అంతమందిలో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఈ చెరువు మీదా మాస్టారూ? ఈ పిట్టలు మీరు పెంచుకుంటున్నవా?" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. ఆయన టెలిస్కోపు మడిచి బండికి కట్టుకుని వెళ్ళిపోయారు. అలా వెళ్ళిపోయేసరికి నాకు ఇంకా మండింది.

హాస్టల్‌కి వచ్చీ రాగానే ఆ ఇసుక తిన్నె లొకేషన్ గ్రూపులో పెట్టేశాను. "లిటిల్ టెర్న్ గూడు. సరుగుడు పుల్ల గుర్తు. ఈ తీరం ఎవరి సొత్తూ కాదు" అని రాశాను. వరసగా బొటనవేళ్ళు, చప్పట్లు వచ్చిపడ్డాయి. వచ్చే ఆదివారం అందరం కలుద్దామనుకున్నాం.

ఆ ఆదివారం నాతో కలిపి తొమ్మిది మందిమి. తెల్లవారి ఎండ వస్తోంది. తోట దాటగానే ఇసుక మీద మాస్టారు కనిపించారు.

ఒక నూట యాభై అడుగుల దూరం ఉంటుంది. సముద్రానికి వీపు పెట్టి, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, మా వైపే చూస్తూ కూర్చున్నారు. తల మీద ఆకుపచ్చ తువ్వాలు. నాకు ఒళ్ళు మండింది. కాపలాకి వచ్చి కూర్చున్నారన్నమాట. ఫోన్ తీసి హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్ లావణ్యకి మెసేజ్ పెట్టాను: "ముసలాయన ముందే వచ్చి కూర్చున్నాడే. ఇవాళ గొడవే." టైము ఆరూ యాభై రెండు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

తల ఎత్తేసరికి ఆయన లేరు.

అటు పక్క నీళ్ళ వైపు ఇసుక కొంచెం దిగుతుంది. అటు వెళ్ళారేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎదురు పడే పని తప్పిందని హాయిగా అనిపించింది. గుంటూరు నుంచి వచ్చిన ప్రసాద్ గారు కూడా అడిగారు, "ఎవరో కూర్చున్నట్టున్నారండీ అక్కడ?" అని. ఆయనే మళ్ళీ, "వలల వాళ్ళు అయ్యుంటార్లే" అన్నారు.

ముందు నేనే నడిచాను. గాలికి ఇసుక పలకలా సాపుగా ఉంది. మనిషి అడుగు కాదు కదా, కుక్క అడుగు కూడా లేదు. ఆ సంగతి అప్పుడే గమనించాను. గమనించి, ఫోన్లో కెమెరా ఆన్ చేసుకున్నాను.

గూటికి దగ్గరగా పోకూడదు, కనీసం పది అంగలు ఎడం ఉండాలని మా గ్రూపు రూలు. పుల్లకి పది అంగల ఇవతల చెయ్యి అడ్డం పెట్టి అందర్నీ ఆపాను. సరిగ్గా మాస్టారు కూర్చున్న చోటు అది.

"ఎవరూ ముందుకు వెళ్ళొద్దు. ఇక్కడి నుంచే తీసుకోండి" అన్నాను. నేనేదో బాధ్యతగా ఉన్నానని లోపల గర్వం కూడా.

పుల్ల మొదట్లో గుడ్లు ఎవరికీ కనిపించలేదు. "ఇసుక రంగులో కలిసిపోతాయండీ, అంత తేలిగ్గా కనపడవు" అని నేనే చెప్పాను. పిట్ట మాత్రం మా తలల మీదికి దిగి దిగి అరుస్తోంది. ఒకసారి ప్రసాద్ గారి టోపీకి తగిలింది కూడా. అందరూ నవ్వారు. ఎగురుతున్న ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. దాదాపు ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాం.

చివరగా కదిలింది నేను. షూ కింద ఏదో తడిగా జారింది. కాలు తీసి చూశాను.

అరచేయంత గుంట. చుట్టూ చిన్న చిన్న గవ్వ ముక్కలు. రెండు గుడ్లు. ఒకటి నా మడమ కింద నలిగింది. రెండోదాని మీద ఎవరి ట్రైపాడ్ కాలు దిగిందో తెలియదు. పెంకు మధ్యలో పిల్ల ముక్కు కనిపించింది. రెండు మూడు రోజుల్లో బయటికి వచ్చేవి.

అప్పుడు తెలిసింది నాకు. పుల్ల గూటి దగ్గర పెట్టరు. ఇసుకలో కొత్తగా ఏది కనిపించినా కాకులు, కుక్కలు ముందు అక్కడే వెతుకుతాయి. అందుకని ఎరిగినవాళ్ళు పది అంగల అవతల గుచ్చుతారు. ఆయన అది నాకు చెప్పలేదు, ఎందుకంటే నేను అక్కడికి వెళ్ళనన్నాను.

మిగతావాళ్ళు తోట దగ్గరికి చేరి టీ ఫ్లాస్కు తీస్తున్నారు. నేను కాలితో ఇసుక తోసి గుంట కప్పేశాను. షూ వాగులో కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇది చదివేదాకా ఆ ఎనిమిది మందికీ తెలియదు.

రెండు రోజులు నిద్ర లేదు. మంగళవారం మాస్టారికి ఫోన్ చేశాను, ఆదివారం చూశారు కదా, తిట్టేదేదో తిట్టేస్తారని. వాళ్ళమ్మాయి రజియా గారు ఎత్తారు. నాన్నకి శుక్రవారం గుండెనొప్పి వచ్చిందని, గుంటూరులో హాస్పిటల్‌లో ఉన్నారని చెప్పారు.

"ఆదివారం పొద్దున వాడరేవు వచ్చారు కదండీ?" అన్నాను.

"వాడరేవా? మంచం దిగితే కదమ్మా. ఆదివారం ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు, ఒళ్ళంతా వైర్లు" అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. ఆయన్ని వార్డులోకి మార్చారు, నిద్రపోతున్నారు. రజియా గారు నాకు కుర్చీ వేసి, ఆ ఐదు రోజులూ పడిన అవస్థ చెప్పుకొచ్చారు. మధ్యలో నవ్వుతూనే అన్నారు.

"ఆదివారం పొద్దున ఒకటే పలవరింత. 'కాలు తియ్యమ్మా, కాలు తియ్యి' అని. ఎవర్ని అంటున్నాడో ఏం తెలుసు? పాపం ఆ నర్సమ్మ తననే అనుకుని రెండడుగులు వెనక్కి కూడా జరిగింది."

టైమెంత అని అడిగాను. పొద్దున డ్యూటీ మారే ముందన్నారు. ఏడు అయ్యుంటుందన్నారు. కచ్చితంగా తెలియదన్నారు.

కాసేపటికి మాస్టారు కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు. చెరువు గట్టు మీద నేను అరిచిన సంగతి ఎత్తనే లేదు.

"వచ్చావా అమ్మా. పిల్లలయ్యాయా?"

అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సులో మాటలు కూడా వరస పెట్టుకున్నాను. ఆ ముఖం చూశాక నోరు వేరే మాట చెప్పింది.

"అయ్యాయి మాస్టారూ. రెండు."

"రెండా!" అని కూతురి వైపు తిరిగారు. "చూశావా, నేను లేపోయినా ఈ పిల్ల కనిపెట్టుకుని ఉంది." ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీరు చల్లగా ఉండాలన్నారు.

ఆయన చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వులోనే కళ్ళు మెల్లగా కిందికి దిగి నా కాళ్ళ మీద ఆగాయి. నేను కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాను.

ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు. బండి నడపనివ్వడం లేదని కూతురితో రోజూ గొడవట. ఆదివారం అక్కడికి వచ్చినట్టుగానీ, కల వచ్చినట్టుగానీ ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే అంతా చెప్పాల్సి వస్తుంది.

ఎండలో కళ్ళు మోసం చేశాయంటే నమ్ముతాను. పొరపాటున వలల మనిషిని చూసి ఆయన అనుకున్నానన్నా ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషి ఇసుక మీద అడుగు పడకుండా ఎలా వెళ్ళాడో, అంత పెద్ద తీరంలో సరిగ్గా గుడ్లున్న చోటే ఎందుకు కూర్చున్నాడో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తేలలేదు. ఆయనే అయితే మాత్రం, ఎక్కడ కాలు పెట్టకూడదో అక్కడ కూర్చుని మరీ చూపించారు. చూశాను. చూసి, ఎనిమిది మందిని తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టాను.