కల్లంలో పడ్డ కెమెరా

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. "లేదు బాబాయ్" అన్న రెండు మాటలు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సొంత బాబాయి కాదు. చిలకలూరిపేట దగ్గర మేమిద్దరం పనిచేసే జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యత చూసే మనిషి, రామకోటయ్య. నేను అక్కడే గుమాస్తాని. లారీ రాగానే ఆయన లోడులోంచి చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య లాగి పింజ పొడవు చెప్పేవాడు. తర్వాత స్కేలు పెట్టి చూసినా అంతే ఉండేది. ఆ కళ్ళంటే రైతులకీ గురి, యజమానికీ గురి.

ఆయనకి ఒక్కటే వ్యసనం, ఫొటోలు. ఎవరో వాడి వదిలేసిన పాత డిజిటల్ కెమెరా కొనుక్కున్నాడు. పది మెగాపిక్సెల్స్. వెనక తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఫొటో పడిందో లేదో తెలుస్తుంది తప్ప, స్పష్టంగా పడిందో లేదో అందులో తెలియదు. చిన్నచిన్న పురుగుల్ని కూడా పెద్దగా తీయడానికి దానికి బిగించే మాక్రో లెన్సు ఇంకా పాతది. అంతా లోహమే, ఆటోఫోకస్ లేదు, చేత్తో రింగు తిప్పుకోవాలి. ఆ రింగు తిరిగే తీరు ఏమని చెప్పను! వెన్నగిన్నెలో వేలు తిప్పినట్టుండేది. పురుగు దగ్గరికి వెళ్ళాక ఇక రింగు ముట్టుకోకూడదనేవాడు బాబాయి. మనిషే ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊగాలి, చీమ కన్ను మెరవగానే నొక్కాలి. ఆయన అలా చేలో మోకాళ్ళ మీద వంగితే కూలీలు నవ్వేవాళ్ళు, కోటయ్య గారు పురుగులకి దణ్ణం పెడుతున్నారని.

నవ్వినవాళ్ళే మిల్లు కంప్యూటర్లో ఆ ఫొటోలు చూసి నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. మిరప పువ్వు అంటే మాకు తలవంచుకున్న తెల్లటి చిన్న పువ్వు, అంతే. దాని మధ్యలో నీలం ఉందని పుట్టి బుద్ధెరిగాక ఆయన ఫొటోలోనే చూశాను. ఎండుమిరప తొక్క మీది ముడతలు, పత్తిగింజకి పట్టిన నూగు, అన్నీ కొత్తగా కనిపించేవి. ఇప్పటి ఫోన్లలో ఎన్ని హంగులున్నా ఆ ఎరుపు నాకు వాటిలో కనిపించలేదు. ముసలి మాటలంటే అనండి, కాదనను.

ఆ ఏడు మా మిరపతోటకి తామరపురుగు పట్టింది. పువ్వుని అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు పాకేవి. వాటిని ఫొటో తీస్తానని కెమెరా అడిగాను. బాబాయి ఎప్పుడూ పెట్టే షరతే పెట్టాడు. మిరపకాయలు తాకిన చేత్తో కెమెరా ముట్టుకోకూడదు. కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, అప్పుడు ముట్టుకోవాలి. వేలికున్న ఘాటు కన్ను ఆనించే వ్యూఫైండర్‌కి అంటితే, అది కంట్లోకే కదా వచ్చేది. మిరప పండించే మాకే తెలిసిన జాగ్రత్త అది.

ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఫొటోలు తీశాక కెమెరాని తువ్వాల్లో చుట్టి, కల్లంలో నిండిన ఒక మిర్చి బస్తా, మేము టిక్కీ అంటాం, దాని మీద పెట్టి, కాసేపు నాన్నతో కాయలు ఏరాను. తర్వాత షరతు గుర్తొచ్చి చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళాను. ఈలోపు కూలీలు ఆ బస్తాని ట్రాక్టర్లోకి ఎత్తారు. కెమెరా జారి, ట్రాక్టరు తొట్టి ఇనుప అంచుకి కొట్టుకుని నేల మీద పడింది. పరుగెత్తుకొచ్చి చూశాను. గీత పడలేదు. అద్దం పగల్లేదు. నొక్కితే టక్కుమంది. బాగానే ఉందనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకోవాలని నాకే ఉందా?

ఇచ్చేశాను. వారం తర్వాత ఆయన తీసిన ఫొటోలు మిల్లు కంప్యూటర్లో తెరిచాం. చీమ తల మసక. దాని వెనక ఆకు మీది నూగు మాత్రం స్పష్టంగా ఉంది. అన్ని ఫొటోలూ అంతే. బాబాయి ఒక్కొక్కటీ మళ్ళీ తెరిచి చూసి నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, కెమెరా ఎక్కడా తగల్లేదుగా?"

"లేదు బాబాయ్."

"అయితే నా కళ్ళేరా. ఇన్నేళ్ళు ఆ దూది ధూళిలో ఉన్నాయి, ఎన్నాళ్ళు పనిచేస్తాయిలే."

అంతే. నా మాట మీద ఆయనకి రవ్వంత అనుమానం రాలేదు. కళ్ళద్దాలు మార్పించుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ మసకే. మెల్లిగా పత్తి దగ్గర కూడా తడబడ్డాడు. ఎవరినీ అడగని మనిషి, దూది లాగి పక్కవాడికి చూపించి "ఎంతుందంటావు?" అనడం మొదలుపెట్టాడు. అది చూస్తూ నేను ఎదురుగా కూర్చుని బిల్లులు రాసుకున్నాను. ఒక్క మాట చెప్పలేనంత భయం దేనికి? తిడతాడనా? ఆయన నన్ను ఏనాడూ తిట్టలేదు.

చివరికి ఒకరోజు కెమెరా, లెన్సు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, నీ కళ్ళు బాగున్నాయి, నువ్వు తియ్యరా అన్నాడు. తీసుకున్నాను. గుంటూరులో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయనకి చూపించాను. వ్యూఫైండర్ కింది గాజుపలక దెబ్బకి కాస్త పైకి లేచిందట. అందుకే కంటికి ఒకచోట స్పష్టంగా కనిపిస్తే, ఫొటోలో దాని వెనక స్పష్టంగా పడేది. సరిగ్గా కూర్చోబెట్టడానికి ఆయనకి పది నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. మొదట నోరు నొక్కింది భయం. అప్పుడు నొక్కింది ఆశ. చెబితే కెమెరా వెనక్కివ్వాలి. ఆ రింగు అప్పటికే నా వేళ్ళకి అలవాటైంది. సిగ్గులేకుండా రాస్తున్నాను, అదే నిజం.

ఇప్పటికీ ఆదివారం తీసిన ఫొటోలు సోమవారం ఆయనకి చూపిస్తాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని, సాలెపురుగు కాలి మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ, కళ్ళంటే నీవిరా అని మురిసిపోతాడు. నాకు కనిపించనివి కూడా ఆయనే చూపిస్తాడు. అలాంటప్పుడు తన కళ్ళకేం తక్కువన్న మాట ఆయనకి తట్టదు. నాకు తట్టినా నోరు రాదు.

రేపు వెళ్ళి చెబుతానని మీకు మాటివ్వను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. క్షమించమనీ అడగను, అది మీ చేతిలోది కాదు. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలింది కెమెరాకి. తగలనిచ్చింది నేను, తగల్లేదన్నదీ నేను. ఏడేళ్ళకి రాయగలిగాను. కాస్త ఊపిరాడుతోంది.